మోగని రెండు రింగులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఫోను మాట్లాడుకోవడానికి కాదు, మోగడానికి ఉండేది. వంటింటి గోడకి ముదురు పసుపు రంగు ఫోను ఒకటి తగిలించి ఉండేది. నాన్న ఊళ్ళో ఆసుపత్రిలో డాక్టరు. ఇంటికి బయలుదేరే ముందు మా నంబరు తిప్పి, రెండు రింగులు మోగనిచ్చి పెట్టేసేవాడు. 'బయలుదేరాను, ఎసరు పెట్టు' అని దానికి అర్థం. అమ్మ ఫోను ఎత్తేది కాదు, వెళ్ళి బియ్యం కడిగేది. నాన్న బూట్లు విప్పుకునేసరికి అన్నం పొగలు కక్కుతూ ఉండేది. ఇదంతా పొదుపు కోసమని మా చుట్టాలు అనుకునేవాళ్ళు. పొదుపూ లేదు, పాడూ లేదు. ఊళ్ళో ఊళ్ళో మాట్లాడుకుంటే అక్కడ దమ్మిడీ ఖర్చుండదు. అసలు సంగతేమిటంటే మా అమ్మకి ఫోనంటే భయం.

డెబ్బైల చివర్లోని మాట ఇది. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రంలో మొక్కజొన్న పొలాల నడుమ ఒక చిన్న ఊరు మాది. ఊరు దాటాక కంకర రోడ్డు మీద అద్దెకుండేవాళ్ళం. ఆ చుట్టుపక్కల తెలుగు మాట్లాడే మనుషులు ముగ్గురే, ఆ ముగ్గురూ మా ఇంట్లోనే ఉన్నారు. నేను బడికి వెళ్ళి నాలుగు నెలల్లో ఇంగ్లీషు పట్టేశాను. అమ్మకి అబ్బలేదు. ఎదురుగా మనిషి ఉంటే ఎలాగో నెట్టుకొచ్చేది. "మొహం చూస్తే సగం ఇంగ్లీషు అర్థమవుతుందే. ఫోనులో మొహం ఎక్కడుంటుంది?" అనేది.

మాకు అర మైలు అవతల ఒక పాతకాలపు పొలం ఇల్లు, దాని పక్కన ఎర్ర రంగు వేసిన పశువుల కొట్టం. అక్కడ ఒక ముసలావిడ, ఆరు ఆవులు. భర్త పోయాడు, పిల్లలు ఎక్కడెక్కడో స్థిరపడ్డారు. మేము దిగిన వారానికి ఆవిడ ఒక గాజు సీసా నిండా పాలు పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడింది. అమ్మ ఆ సీసా మూత తీసి వాసన చూసి ఏడ్చినంత పని చేసింది. అప్పటిదాకా అట్టపెట్టె పాలతో పెరుగు తోడెయ్యలేక నానా పాట్లూ పడుతోంది మరి. ఆ రోజు నుంచీ ఆవిడ నాకు పాలమామ్మ, అమ్మకి మామ్మగారు. ఆవిడకి ఆ 'గారు' ఎందుకో తెలియదు కానీ, పిలిస్తే మాత్రం పలికేది.

అమ్మది కృష్ణా జిల్లా, పుట్టింట్లో గేదెలుండేవి. ఒకనాడు చీర మీద నాన్న కోటు వేసుకుని, మంచు బూట్లు తొడుక్కుని పాలమామ్మ కొట్టంలోకి వెళ్ళింది. ఒక ఆవు పక్కన గొంతుక్కూర్చుని, పొదుగు కడిగి, రెండు చేతులతో జుయ్ జుయ్ మంటూ పితకడం మొదలెట్టింది. పాలమామ్మ నోరెళ్ళబెట్టి చూసింది, తర్వాత నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్యా భాష అడ్డం రాలేదు. ఆవిడ పాలు తెచ్చేది, అమ్మ గిన్నెలో పెరుగు పంపేది. 'పెరూగూ' అని సాగదీస్తూ అడిగి మరీ పట్టుకెళ్ళేది పాలమామ్మ.

ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఒంటరి మనిషి, పైగా చలికాలం. నాన్నకి బెంగ పట్టుకుని, మా రెండు రింగుల పద్ధతి ఆవిడకీ నేర్పాడు. పొద్దున ఏడింటికీ, సాయంత్రం ఐదింటికీ పాలు పితకడం అయిపోగానే ఇంట్లోకి వచ్చి మాకు రెండు రింగులిచ్చి పెట్టెయ్యాలి. బాగానే ఉన్నానని అర్థం. ఐదున్నర దాకా రింగు రాకపోతే మేము ఆవిడకి ఫోను చెయ్యాలి. అక్కడ ఎత్తకపోతే ఆసుపత్రికి చేసి చెప్పాలి, వాళ్ళు మనిషిని పంపిస్తారు. ఇదంతా విని అమ్మ తెగ సంతోషపడింది, ఎందుకంటే మోగితే చాలు, మాట్లాడక్కర్లేదు. ఆ రింగులు వినే పని నాకు అప్పజెప్పారు. పదేళ్ళ దాన్ని, పెద్ద ఉద్యోగం దొరికినట్టు మురిసిపోయాను.

ఇక్కడి దాకా చెప్పుకోవడానికి బాగానే ఉంది. ఇక ముందున్నది నా నిర్వాకం.

ఆ ఏడు జనవరిలో మంచు పట్టుకుంది. పడటం అంటే అలా ఇలా కాదు. రెండు పగళ్ళూ రెండు రాత్రులూ ఆకాశానికి చిల్లు పడినట్టే. కంకర రోడ్డు ఎక్కడుందో, పొలం ఎక్కడుందో తెలియకుండా పోయింది. కిటికీల సగం దాకా తెల్లగా పేరుకుంది. నాన్న మొదటిరోజు పొద్దున ఆసుపత్రికి వెళ్ళినవాడు అక్కడే చిక్కుబడిపోయాడు. ఎసరు పెట్టమని చెప్పే రింగులు రాలేదు. పాలమామ్మ రింగులు మాత్రం పూట తప్పకుండా వచ్చాయి. అవి మోగగానే అమ్మ పొయ్యి దగ్గర నుంచే "హమ్మయ్య" అనేది.

మూడోరోజు మంచు ఆగింది. ఎండ కాసింది. బయట చూస్తే మా కారు షెడ్డు చూరు దాకా మంచు ఏటవాలుగా పేరుకుని కొండలా ఉంది. దాని మీంచి జారకపోతే పుట్టిందెందుకు అనిపించింది. జారుడుబండి నా దగ్గర లేదు. బడిలో పిల్లలందరికీ ఉంది, నాకు లేదు. అప్పుడు నా బుర్రలో ఒక మహత్తరమైన ఆలోచన పుట్టింది. అమ్మ పెళ్ళిలో నాన్న కాళ్ళు మా తాతయ్య కడిగిన ఇత్తడి పళ్ళెం ఒకటుంది. చీరల మధ్య పెట్టుకుని విమానంలో తెచ్చుకుంది. పండగకి పండగకి చింతపండు పెట్టి తోమి మళ్ళీ బట్టలో చుట్టి దాచేది. నేను కూర్చోడానికి సరిగ్గా సరిపోయేంత పళ్ళెం.

నాలుగు గంటలకి అమ్మ మాసిన బట్టలు తీసుకుని బేస్‌మెంట్‌లోకి దిగింది. దిగుతూ, "ఫోను దగ్గరే కూర్చో తల్లీ, మామ్మగారు రింగిస్తారు" అంది. "సరే" అన్నాను. అమ్మ కింద వాషింగ్ మెషీన్ తిప్పిన చప్పుడు వినగానే పళ్ళెం చంకలో పెట్టుకుని వెనక తలుపు తీసుకుని బయటపడ్డాను.

ఎంత బాగుందో చెప్పలేను. ఆ సంతోషానికే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎన్నిసార్లు ఎక్కానో ఎన్నిసార్లు జారానో లెక్కలేదు. ఆఖరిసారి పళ్ళెం అడ్డం తిరిగి షెడ్డు మూల స్తంభానికి ఠంగున కొట్టుకుంది. నాకేం కాలేదు కానీ పళ్ళెం అంచు లోపలికి సొట్టపోయింది. అప్పటికి పొద్దు వాలిపోయింది. లోపలికి పరిగెత్తి, పళ్ళెం తుడిచి బట్టలో చుట్టి పెట్టె అడుగున తోసేసి, తడిసిన మేజోళ్ళు మంచం కింద దాచాను. వంటింట్లోకి వచ్చి చూస్తే గడియారంలో ఐదూ ఇరవై.

అమ్మ బట్టల బుట్టతో మెట్లెక్కి వచ్చింది. "ఏమే, మామ్మగారు రింగిచ్చారా?" అని అడిగింది.

రింగు మోగిందో లేదో నాకు తెలియదు. తెలియదని చెప్పాలంటే ఎక్కడున్నానో చెప్పాలి. అది చెప్పాలంటే పళ్ళెం సంగతి చెప్పాలి. "ఆఁ, ఇచ్చారు" అన్నాను.

అమ్మ ఒక క్షణం నా వంక చూసింది. నా జుట్టు చివర్ల నుంచి నీళ్ళు కూడా కారుతున్నాయేమో. "సరే అయితే" అని బట్టలు మడతపెట్టడానికి కూర్చుంది. నా ప్రాణం కుదుటపడింది. మోగే ఉంటుందిలే, రోజూ మోగుతోంది కదా, ఇవాళెందుకు మోగదు అని నాకు నేనే చెప్పుకున్నాను.

భోజనానికి కూర్చున్నప్పుడు కిటికీలోంచి చూశాను. పాలమామ్మ కొట్టంలో దీపం వెలుగుతోంది. ఆ వేళకి కొట్టంలో దీపం ఆరి, వంటింట్లో దీపం వెలగాలి. వంటిల్లు చీకటిగా ఉంది. నేను లేచి కిటికీ తెర లాగేశాను. "చలిగా ఉందమ్మా" అన్నాను. అమ్మ నా కంచంలో మారు అన్నం పెట్టింది.

తెల్లారి ఏడయింది. ఫోను మోగలేదు. ఏడుంపావయింది. అమ్మ వెనక తలుపు తీసింది. చలి చెంప మీద కొట్టినట్టు లోపలికి వచ్చింది, దాంతో పాటు ఒక అరుపు వచ్చింది. గాలి లేదు, ఎక్కడా ఇంకో చప్పుడు లేదు, అంత మంచు మీదుగా అర మైలు అవతల నుంచి ఆవులు అరుస్తున్నాయి. అలాంటి అరుపు నేను అంతకు ముందు వినలేదు. అమ్మ వింది, చిన్నప్పటి నుంచీ వింటూనే పెరిగింది. గుమ్మం పట్టుకుని, "పాలు తియ్యలేదే వాటికి. ఒక పూట కాదు, రెండు పూటలు" అంది. అని నా వంక తిరిగింది. నేను నా కాళ్ళ వంక చూసుకున్నాను.

పాలు పితికాకే కదా పాలమామ్మ రింగిచ్చేది. ఆ ముక్క నాకు వెలిగేసరికి అమ్మ ఫోను దగ్గరికి వెళ్ళిపోయింది. పాలమామ్మ నంబరు తిప్పింది. అటుపక్క మోగీ మోగీ ఎవరూ ఎత్తలేదు. పెట్టేసి ఆసుపత్రికి తిప్పింది. అక్కడ ఫోను ఎత్తే ఆవిడ, నాన్న కోసమనుకుని కాబోలు, ఏదో అడిగింది. అమ్మ చెవికి పెట్టుకున్న ఫోను దుద్దుకి తగిలి టకటక కొట్టుకుంటోంది, ఇంగ్లీషు వచ్చిన నా చేతికి మాత్రం ఇవ్వలేదు. "హలో, నో డాక్టర్. డాక్టర్ తర్వాత. మామ్మగారు... ఓల్డ్ లేడీ, మిల్క్ లేడీ. కౌస్ క్రయింగ్. నో మిల్క్. ప్లీజ్, గో. ప్లీజ్ గో" అంది. ఫోనులో మా అమ్మ అంత ఇంగ్లీషు మాట్లాడటం అదే మొదలు. అటుపక్క ఆవిడ మహాతల్లి, నవ్వకుండా, మారు ప్రశ్న వెయ్యకుండా అర్థం చేసుకుంది. ముప్పావుగంటలో ఆ దారిలో ఉండే ఒక రైతు ట్రాక్టర్‌తో మంచు తోసుకుంటూ మా కిటికీ ముందు నుంచే పాలమామ్మ ఇంటికి వెళ్ళాడు.

బతికే ఉంది. ముందురోజు మూడున్నర ప్రాంతాల కొట్టం తలుపు తీసి దీపం వేసి, మళ్ళీ బయటికి వస్తుంటే పైకప్పు మీది మంచు అంతా ఒక్కసారిగా జారి మీద పడిందట. కాలు విరిగింది. ఎలాగో పాక్కుంటూ లోపలికి చేరింది కానీ, తలుపు మంచులో కూరుకుపోయి తెరుచుకునే ఉండిపోయింది. పడుకుని ఉన్న ఒక ఆవు డొక్కకి వీపు ఆనించి, పైన గడ్డి కప్పుకుని ఆ రాత్రంతా గడిపింది. ఆ ఆవు లేచి నిలబడితే ఆవిడ దక్కేది కాదని నాన్న అన్నాడు. కుడిచేతి తొడుగు మంచులో ఎక్కడో పడిపోయింది. ఆ చేతికి రెండు వేళ్ళు చచ్చుబడిపోయాయి. వాటిని సగానికి తీసేశారు.

రోడ్లు తెరిచాక నాన్న మమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నేను కడుపునొప్పి అన్నాను. అమ్మ విన్లేదు. పాలమామ్మ కాలికి కట్టు, చేతికి కట్టు, మంచం మీద పిట్టలా ముడుచుకుని పడుకుంది. ట్రాక్టర్ తోలిన రైతు టోపీ చేత్తో పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. మంచి మనిషే, కానీ మాట కరుకు. నాన్ననే అడిగేశాడు: రింగు రాకపోతే మీరే కబురు చెయ్యాలని ఊరందరికీ తెలుసు కదా, ఐదున్నరకి ఎందుకు చెయ్యలేదు? నాన్న అమ్మ వంక చూశాడు. అమ్మ తెలుగులో, "రింగొచ్చిందని పిల్ల చెప్పిందండీ" అంది. నాన్న ఇంగ్లీషులో చెప్పాడు. గదిలో ఉన్నవాళ్ళందరూ నా వైపు తిరిగారు.

భూమి చీలిపోతే బాగుండునని అంటారే, అప్పుడు నాకు అర్థమైంది ఆ మాట. 

పాలమామ్మ మాట్లాడింది. ఆవిడ అన్నది నా తెలుగులో చెప్తున్నాను. "ఔను, పిల్ల నిజమే చెప్పింది. నేను రింగిచ్చాను. ఇచ్చాక మళ్ళీ కొట్టంలోకి వెళ్ళాను, ఏదో మర్చిపోయి. నా తెలివితక్కువతనం" అంది.

ఆ రైతు ఆవిడ వంక చూశాడు. ఆ పొద్దున ఆవుల పాలు తీసింది అతనే. రెండు పూటల పాలతో బిగుసుకుపోయిన పొదుగులు తన చేతులతో పట్టుకున్నవాడు. నోరు తెరవబోయి మానేశాడు. టోపీ తలకి పెట్టుకుని, నా తల మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళిపోయాడు. అతనికీ తెలిసిపోయింది. గదిలో ఆ అబద్ధం నమ్మింది మా నాన్న ఒక్కడే, పాపం, ఆయనకి పశువుల సంగతి తెలియదు.

ఇంటికి వచ్చాక అమ్మ తంతుందని ఎదురు చూశాను. తన్నలేదు. తిట్టలేదు. ఒక్క మాట అడగలేదు. పళ్ళెం సొట్ట కూడా ఉగాదికి బయటపడింది, దానికీ ఏమీ అనలేదు. చింతపండు పెట్టి, సొట్టలో వేలు పోనిచ్చి మరీ తోమింది. అడుగుతుందేమో, అడిగితే చెప్పేద్దామని ఎన్నాళ్ళో చూశాను. ఆ అడగకపోవడం నాకు తన్నులకన్నా పెద్ద శిక్ష అయింది. అన్నం సయించేది కాదు. ఫోను మోగితే ఉలిక్కిపడేదాన్ని.

మంచు కరిగి దుక్కులు మొదలయ్యే రోజుల్లో పాలమామ్మ ఆవుల్ని అమ్మేసింది. రెండు వేళ్ళు సగం పోయిన చేత్తో పితకడం కుదరలేదు. లారీ వచ్చిన రోజు అమ్మ నన్ను పెరుగు గిన్నెతో పంపించింది. ఆవులు ఒక్కొక్కటీ చెక్క మీంచి లారీ ఎక్కుతుంటే పాలమామ్మ చేతికర్ర ఆనుకుని నిలబడింది. ఆ రాత్రి ఆవిడకి ఆనుకుని పడుకున్న ఆవు ఆఖరిది. అది ఎక్కనని మొరాయించింది. పాలమామ్మ వెళ్ళి దాని మెడ నిమిరి, చెవిలో ఏదో చెప్పింది. అప్పుడు ఎక్కింది.

లారీ వెళ్ళిపోయాక ఇక ఆగలేకపోయాను. భోరున ఏడుస్తూ, "ఆ రోజు నేను ఇంట్లో లేను. రింగు వినలేదు. అబద్ధం చెప్పాను" అన్నాను.

"తెలుసు హనీ" అంది ఆవిడ. "ఐదున్నరకి మీకు తెలిసిపోతుందిలే అనుకుంటూ పడుకున్నాను. ఆరున్నరకి ట్రాక్టర్ వస్తుందనుకున్నాను. ఏడింటికనుకున్నాను. ఆ తర్వాత అనుకోవడం మానేశాను."

ఫర్వాలేదు అనలేదు, చిన్నపిల్లవి నీకేం తెలుసు అని కూడా అనలేదు. జరిగింది జరిగినట్టు నా చేతిలో పెట్టింది. మరి నా కోసం అబద్ధం ఎందుకు చెప్పావని అడిగాను.

"ఈ ఊరు చిన్నది. చాలా కాలం గుర్తుపెట్టుకుంటుంది. మీరిద్దరూ ఇక్కడ బతకాలి" అంది. తర్వాత ఆ సగం వేళ్ళ చేత్తో నా గడ్డం పట్టుకుని, "రేపటి నుంచి నేను రింగివ్వను. నువ్విస్తావు, రోజూ ఐదింటికి. నేను తిరిగి రెండు రింగులిస్తాను. ఇవ్వకపోతే ఎవర్నీ అడక్కు, పరిగెత్తుకుని వచ్చెయ్" అంది.

చేసిన తప్పుకి ఆ పని నుంచి తప్పిస్తారు ఎవరైనా. ఆవిడ అదే పని మళ్ళీ నాకే ఇచ్చింది. మేము ఆ ఊళ్ళో ఉన్న ఐదేళ్ళూ ఒక్క సాయంత్రం తప్పలేదు. జ్వరం వచ్చినా తప్పలేదు. మూడుసార్లు తిరుగు రింగు రాక పరిగెత్తాను. మూడుసార్లూ ఆవిడ కుర్చీలో కునుకు తీస్తూనో, టీవీ చూస్తూనో దొరికింది. వగరుస్తూ గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసి, "పెరూగూ తెచ్చావా?" అనేది. మేము షికాగో దగ్గరి అరోరాకి వచ్చేసిన రెండేళ్ళకి, ఎనభైల నడుమ, నిద్రలోనే పోయింది. సమాధి దగ్గర అమ్మ నా పక్కనే నిలబడింది. అప్పుడూ ఏమీ అడగలేదు.

ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటోంది. నాన్న లేడు. మొన్నటి చలికాలం అరోరాలో మంచు బాగా పడింది. కిందటి తరం మంచుకి ఇది సాటి రాదనుకోండి, అయినా రోడ్లు మూశారు. అమ్మా నేనూ కిటికీ దగ్గర కూర్చుని టీ తాగుతున్నాం. ఆ సొట్ట పళ్ళెంలోనే పకోడీలు పెట్టుకున్నాం. ఎందుకో ఆ పూట నోరు ఆగలేదు. నలభై ఏళ్ళు దాటాక అడిగాను.

"అమ్మా, ఆవుల అరుపు వినగానే నీకు తెలిసిపోయింది కదా నేను అబద్ధం చెప్పానని. ఎందుకు అడగలేదు?"

అమ్మ పకోడీ కింద పెట్టేసింది.  "ఆవులు అరిచాకనా తెలిసింది? ముందురోజే తెలుసు. ఫోను మోగితే కింద మెట్ల దగ్గరికి ఎప్పుడూ వినపడేది. ఆ సాయంత్రం మెషీన్ ఆపి మరీ చెవి ఒగ్గి నించున్నాను. మోగలేదు" అంది.

నేను కుర్చీ అమ్మ వైపు తిప్పుకున్నాను.

"పైకొచ్చి నిన్నడిగాను. నువ్వు 'ఆఁ' అన్నావు. నీ తల తడిసి ఉంది, బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. చూసి తెలుసుకోలేనా? కానీ నువ్వు కాదంటే నేను ఫోను ఎత్తాలి. ఎత్తి ఆ ఆసుపత్రి ఆవిడతో ఇంగ్లీషులో మాట్లాడాలి. నీ మాట నాకు చాలే అనుకున్నాను. తెర నువ్వు వేశావు. తియ్యకుండా కూర్చుంది నేను."

"మరి తర్వాతైనా..." అన్నాను.

"నిన్ను అడిగితే నన్ను నేనూ అడుక్కోవాలి కదే" అంది అమ్మ. ఎనభై రెండేళ్ళ మనిషి, కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మామ్మగారికి తెలుసు. ఆ రోజు ఆసుపత్రిలో రింగిచ్చానంటున్నప్పుడు ఆవిడ నీ వంక చూడలేదు. నా వంక చూసింది."

మీరిద్దరూ ఇక్కడ బతకాలి అన్న మాట నాకు అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళూ ఆవిడ దాచింది నా ఒక్కదాని తప్పే అనుకున్నాను. నా బరువు నేనే మోస్తున్నాను అనుకుంటూ, పక్కగదిలో అమ్మ కూడా మోస్తోందని చూడలేదు. అమ్మ మీద కోపం వచ్చిందా అంటే, వచ్చింది. అబద్ధమెందుకు? ఒక అరగంట ఉంది. తర్వాత లేచి అమ్మకి ఇంకో గ్లాసు టీ పెట్టి ఇచ్చాను. నా పాపంలో సగం అమ్మ తీసుకుంటే నాది తేలికవుతుందనుకున్నాను గానీ, అలా ఏమీ కాలేదు. నాది నాకు అలాగే ఉంది.

మా అమ్మాయి షికాగోలో ఉంటుంది. మా ఇంటికి వచ్చి వెళ్ళాక 'రీచ్డ్' అని మెసేజ్ పెడుతుంది. నేను వెంటనే ఫోను చేస్తాను. "మమ్మీ, టెక్స్ట్ చేశాను కదా!" అని విసుక్కుంటుంది. విసుక్కోనీ. పక్కింటి పెద్దాయన తలుపు సందులోంచి 'ఐ యామ్ ఫైన్' అంటే నేను తలుపు పూర్తిగా తెరిచేదాకా కదలను. ఈ వయసులో ఇదొక జబ్బు అనుకుంటారు మా వాళ్ళు. అడిగినదానికి నాకు కావలసిన జవాబే చటుక్కున దొరికిందంటే, హమ్మయ్య అనబోయి ఆగిపోతాను. ఆగిన ఆ కాసేపట్లో, అంత మంచు మీదుగా, పాలు తియ్యని ఆవుల అరుపు నాకు వినపడుతుంది.